పాత నూలు చీరలతో బొంత: పొరలు ఉండకట్టకుండా కుట్టడం ఎలా?

ప్రశ్న:
మా అమ్మగారి నూలు చీరలు ఆరు, కట్టుకోవడానికి వీలులేనంతగా నలిగిపోయినా పారవేయడానికి మనసొప్పక, పెట్టెలోనే ఉంచాను. వాటితో మనవరాలికి బొంత కుట్టాలని ఉంది. నిరుడు ఒకటి కుడితే, మొదటి ఉతుకులోనే లోపలి పొరలు ఒక మూలకు చేరి ఉండకట్టాయి. పొరపాటు ఎక్కడ జరిగింది?

జవాబు 1:
కుట్ల వరుసల మధ్య ఎడం ఎక్కువైతే అలాగే అవుతుందండీ. అయిదున్నర మీటర్ల చీరను మూడు మడతలు వేస్తే సుమారు 1.8 మీటర్ల పొడవు వస్తుంది కనుక, ఒక్క చీరతోనే మూడు పొరల బొంత తయారవుతుంది. ముందుగా ఫాల్ విప్పి, గంజి పూర్తిగా పోయేలా ఉతికి, నేల మీద ముడతలు లేకుండా పరచి, అక్కడక్కడా పెద్ద టాకాలు వేసుకున్న తరువాత, నడిమి నుంచి అంచుల వైపుకు రెండు వేళ్ల ఎడంతో వరుసలు కుట్టుకుంటూ వెళ్లండి. అంచు నుంచి మొదలుపెడితే బట్టంతా మధ్యలో ఉబ్బుతుంది. ఆ తరువాత ఎంత సాగదీసినా ప్రయోజనం ఉండదు.

జవాబు 2:
జరీ అంచు ఉంటే కత్తిరించివేయండి. అది పసిపిల్లల ఒంటికి గీరుకుంటుంది. పాలియెస్టర్ చీరలు చెమట పీల్చవు కాబట్టి బొంతకు పనికిరావు. మేము వాటిని పేలికలుగా చింపి, జడలా అల్లి, బీరపాదు పాకించడానికి తాళ్లుగా వాడుతున్నాము.

ప్రశ్న అడిగినవారు:
నేను నాలుగు వేళ్ల ఎడంతో, అదీ అంచు నుంచే కుట్టాను! ఒక చీరకు చిరుగులు ఎక్కువగా ఉన్నాయి. దానిని నడిమి పొరగా పెట్టవచ్చునా?

జవాబు 1:
నిరభ్యంతరంగా పెట్టవచ్చు, కాని చిరుగులకు ముందే మాసికలు వేయండి.