నోటిపూత మానిన నెలలోపే మళ్లీ వస్తోంది. మందు వాడే పద్ధతిలో తప్పుందా?

గోరువంక:
కింది పెదవి లోపల, నాలుక అడుగున పుండ్లు. ఒక్కోటి 4, 5 మిల్లీమీటర్లు ఉంటుంది, మధ్యలో పచ్చటి తెలుపు, చుట్టూ ఎర్రటి అంచు. పది రోజుల్లో మానతాయి, మూడు వారాలు తిరక్కుండా ఇంకోచోట లేస్తాయి. డాక్టరు రాసిన ట్రయామ్‌సినొలోన్ 0.1 శాతం పేస్టు (స్టెరాయిడ్ మందు) పెడితే కాసేపటికే ఇసకలా రాలిపోతోంది. పళ్లు తోముకోగానే క్లోర్‌హెక్సిడిన్ అనే క్రిములు చంపే మందుతో పుక్కిలిస్తున్నా తేడా లేదు. బి కాంప్లెక్స్ మొదలుపెట్టమని అందరూ అంటున్నారు. పొరపాటు ఎక్కడ జరుగుతోంది?

మందుసీసా:
ఇసకలా రాలుతోందంటే మీరు దాన్ని రుద్దుతున్నారు. అది రుద్దే మందు కాదండీ, అంటించే మందు. అందులో జెలటిన్, పెక్టిన్ లాంటివి ఉంటాయి. తడి తగిలితే అవి ఉబ్బి పొరలా పట్టుకుంటాయి. రుద్దితే ఆ పొర కట్టదు, పలుకులు పలుకులుగా విడిపోతుంది.

తిన్నాక మంచినీళ్లతో నోరు కడుక్కోండి. పెదవి బయటికి లాగి పట్టుకుని, పుండు మీద శుభ్రమైన గాజుగుడ్డ ముక్క రెండు మూడు సార్లు అద్ది తడి తీసేయండి (తుడవద్దు, మండుతుంది). వేలి కొసన కొంచెం పేస్టు తీసుకుని, పుండు కప్పేంత మేర మెల్లగా అదిమి వేలు తీసేయండి. అర నిమిషం పెదవి అలాగే పట్టుకుంటే మీద నున్నటి జారుడు పొర కడుతుంది. అది కనిపిస్తే పని అయినట్టే. మందం ఎక్కువైతే లాభం లేదు, ఊడిపోవడం తప్ప.

రాత్రి పడుకునే ముందు పెట్టేదే అన్నిటికన్నా ముఖ్యం. నిద్రలో లాలాజలం తక్కువ, నాలుక కదలదు, మందు గంటల తరబడి అంటుకుని ఉంటుంది. మరీ నొప్పిగా ఉంటే పగలు తిన్న తర్వాత ఇంకో రెండు సార్లు. పుండు పడకముందు ఆ చోట చురుక్కుమంటుంది చూడండి, అప్పుడే మొదలుపెట్టాలి. ఆరో రోజు పెట్టి 'పని చేసింది' అనుకుంటే అది మందు గొప్ప కాదు, పుండు తనంతట తాను మానుతోంది. వారం దాటినా తగ్గకపోతే పేస్టు ఆపి డాక్టరుకి చూపించండి.

ఇక క్లోర్‌హెక్సిడిన్. తోముకోగానే వాడటమే తప్పు. టూత్‌పేస్టులోని నురుగు రసాయనం దాని బలాన్ని చంపేస్తుంది. కనీసం అరగంట ఎడం ఉండాలి. 0.2 శాతం మందు 10 మిల్లీలీటర్లు, ఒక నిమిషం, రోజుకి రెండు సార్లు. వారాల తరబడి వాడితే పళ్లు గోధుమరంగుకి తిరుగుతాయి. కొత్త పుండ్లు రాకుండా మాత్రం ఇది ఆపదు, దాని మీద ఆ ఆశ పెట్టుకోకండి.

పంటిగట్టు:
పేస్టు సంగతి బాగా చెప్పారు. దానికి ముందు అది నోటిపూతేనా అన్నది తేల్చుకోవాలి. నోటిపూత మామూలుగా మెత్తటి పొర మీదే వస్తుంది: పెదవి, బుగ్గ లోపలివైపు, నాలుక అడుగు. పంటిని అంటుకున్న గట్టి చిగురు మీదా, గట్టి అంగిలి మీదా చిన్న నీటిపొక్కులు గుంపుగా లేచి పగిలితే అది హెర్పిస్ కావచ్చు. దాని మీద స్టెరాయిడ్ పేస్టు రాస్తే ఇంకా పెరుగుతుంది. హెర్పిస్ అంటుకుంటుంది, నోటిపూత అంటుకోదు.

మీవి చోటు మారుతున్నాయి కాబట్టి పదునైన పంటి అంచు కారణం కాకపోవచ్చు. ప్రతిసారీ ఒకేచోట వస్తే మాత్రం ముందు పన్ను చూపించుకోవాలి. టూత్‌పేస్టు పెట్టె మీద 'సోడియం లారిల్ సల్ఫేట్' (నురుగు తెప్పించే రసాయనం) ఉందేమో చదవండి. ఉంటే అది లేనిదానికి మారి మూడు నెలలు చూడండి. వారం చూసి తేల్చేస్తే లాభం లేదు, మీ పుండ్ల మధ్య ఎడమే మూడు వారాలు. కొందరికి బాగా తగ్గుతుంది, కొందరికి ఏమీ తేడా ఉండదు. ఫ్లోరైడ్ ఉన్నదే ఎంచుకోండి. బ్రష్ మెత్తటిది.

ఎర్రకణం:
బి కాంప్లెక్స్ ఇప్పుడే మింగకండి! ముందు పరీక్షకి రక్తం ఇవ్వండి. మాత్రలు మొదలుపెట్టాక చేయించిన బి12 పరీక్షలో అంకె బాగానే కనిపిస్తుంది, అసలు లోటు ఉందో లేదో ఇక తేలదు. అడగాల్సినవి: పూర్తి రక్తకణాల లెక్క, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ చెప్పేది), బి12, ఫోలేట్ (ఫోలిక్ యాసిడ్ విటమిన్). కడుపుబ్బరం, విరేచనాలు కూడా ఉంటే సీలియాక్ (గోధుమలోని గ్లూటెన్ పడక పేగు దెబ్బతినే జబ్బు) కోసం టీటీజీ ఐజీఏ అనే రక్తపరీక్ష. గోధుమ మానేశాక ఆ పరీక్ష చేయిస్తే తప్పుగా 'లేదు' అని రావచ్చు, కాబట్టి మానకముందే.

హిమోగ్లోబిన్ బాగుంది కదా అని వదిలేయకూడదు, ఫెరిటిన్ ముందే పడిపోతుంది. ఇంకో మెలిక ఉంది. ఇనుము తక్కువైతే ఎర్రకణాలు చిన్నవవుతాయి, బి12 తక్కువైతే పెద్దవవుతాయి. రెండూ తక్కువైతే సగటు సైజు మామూలుగా కనిపించి మోసం చేస్తుంది. ఒక్క ఫోలిక్ యాసిడ్ మాత్రమే మింగడం ఇంకా ప్రమాదం: రక్తహీనత సర్దుకున్నట్టుంటుంది, లోపల బి12 లోటు వల్ల నరాలు దెబ్బతింటూనే ఉంటాయి.

షుగరుకిచ్చే మెట్‌ఫార్మిన్, ఎసిడిటీకిచ్చే ఒమెప్రజోల్ ఏళ్లుగా వాడేవాళ్లలో బి12 తగ్గొచ్చు. గుండెనొప్పికిచ్చే నికొరాండిల్ అయితే నేరుగా పెద్ద పుండ్లే తెస్తుంది. అలాంటివి ఉంటే మీరే ఆపేయకుండా డాక్టరుకి చెప్పండి.

గోరువంక:
రుద్దుతున్న మాట నిజమే. ఆ మందులేవీ వాడటం లేదు. తినేటప్పుడు మంటకి తిమ్మిరెక్కించే లిడొకెయిన్ జెల్ వాడొచ్చా? గొంతు దగ్గర పుండు వస్తే అక్కడికి పేస్టు ఎలా చేరుతుంది?

మందుసీసా:
పెద్దవాళ్లయితే 2 శాతం జెల్, తినడానికి కొద్ది నిమిషాల ముందు, పుండు మీద మాత్రమే. నోరంతా పూస్తే వేడి తెలియదు, బుగ్గ కొరుక్కుంటారు, అక్కడ ఇంకో పుండు. గొంతు మొద్దుబారితే పొరబోతుంది కూడా. మూడేళ్లలోపు పిల్లలకి ఇలాంటి తిమ్మిరి జెల్‌లు అసలు వద్దు.

పేస్టు చేరని చోటుకి డాక్టర్లు బీటామెథసోన్ అనే స్టెరాయిడ్ కరిగే మాత్ర రాస్తారు. 500 మైక్రోగ్రాముల మాత్ర ఒకటి 20 మిల్లీలీటర్ల నీళ్లలో కరిగించి, మూడు నిమిషాలు నోట్లో తిప్పి ఉమ్మేయాలి, మింగకూడదు. తర్వాత అరగంట ఏమీ తినొద్దు, తాగొద్దు. గీరితే ఊడొచ్చే తెల్లపొర కనిపిస్తే ఫంగస్ పట్టినట్టు, ఆపి చూపించండి.

పంటిగట్టు:
ఒక్కటి కలుపుతాను. మూడు వారాలు దాటినా మానని పుండు, సెంటీమీటరు మించినది, అంచు గట్టిగా తగిలేది, ముఖ్యంగా నొప్పి లేనిది అయితే ఇంట్లో మందులు పెడుతూ కూర్చోవద్దు, బయాప్సీ (చిన్న ముక్క తీసి పరీక్షించడం) అవసరమా అన్నది డాక్టరు చూడాలి. నోటితో పాటు జననాంగాల దగ్గర పుండ్లు, కళ్లు ఎర్రబడి నొప్పి ఉంటే బెహ్‌సెట్ జబ్బేమో (ఒళ్లంతా రక్తనాళాలు వాచే జబ్బు) చూస్తారు. అప్పుడు ఆ లక్షణాలన్నీ ఒకే డాక్టరుకి చెప్పండి. నోరు ఒకరికి, కన్ను ఇంకొకరికి చూపిస్తే ఇద్దరూ సగమే చూస్తారు.