అప్‌డేట్: నాన్న క్యాసెట్లు బతికాయి

పోయిన నెల అడిగాను కదా, నాన్న పాత క్యాసెట్లు వేస్తే గుడ్డ అడ్డం పెట్టుకుని పాడినట్టు వస్తోంది, మధ్యలో గొంతు ఊగుతోంది, ఏం చేయాలని. "టేపు పోయింది, వదిలేయ్" అన్నారు కొందరు. పోలేదండీ, తప్పంతా ప్లేయర్‌దే.

ప్లేయర్‌లో టేపుని చదివే హెడ్ మీద గోధుమరంగు మడ్డి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ఇయర్‌బడ్ ముంచి తుడిస్తే నాలుగు బడ్స్ నల్లబడ్డాయి. దాంతో మసక పోయింది. ఊగడం మాత్రం టేపుని తిప్పే రబ్బరు బెల్టు మార్చాకే ఆగింది, సాగిపోయి ఉందట.

ఇప్పుడు హెడ్‌ఫోన్ జాక్ నుంచి ల్యాప్‌టాప్‌కి వైరు పెట్టి ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఎక్కిస్తున్నా. సీ-90 (అంటే తొంభై నిమిషాల క్యాసెట్) అయితే ఒక్కో వైపు 45 నిమిషాలు, తొందరపెట్టడానికి వీల్లేదు. బస్సులో పల్లవి అవగానే పాట మార్చేసే మనిషిని నేను! అలాంటిది 'గీతాంజలి' (1989) క్యాసెట్ ఒక వైపంతా కదలకుండా విన్నాను. ఇళయరాజా గారు రెండో చరణానికి ముందు వాయించేదంతా ఇన్నేళ్లూ దాటేసుకుంటూ పోయానని అప్పుడు తెలిసింది.

నాన్న రేడియో ముందు టేప్‌రికార్డర్ పెట్టి ఎక్కించిన క్యాసెట్ ఒకటుంది. పాట మధ్యలో కుక్కర్ మూడు విజిల్స్, వెనక నానమ్మ "ఆపరా దాన్ని" అని అరుపు. శుభ్రం చేద్దామంటే నాన్న ఒప్పుకోలేదు. "అది పాటలో భాగమే, ఉండనీ" అన్నాడు.

ఇంకా పదకొండు మిగిలాయి. ఒకదాని టేపు తెగింది. మామూలు సెల్లోటేప్‌తో అతికిస్తే జిగురు హెడ్‌కి అంటుకుంటుందని ఆగాను. అతికించే అసలు టేపు హైదరాబాద్‌లో ఎక్కడ దొరుకుతుందో చెప్పండి.