సంఘంలో గొడవ: కూర్చుని సమాధానపడాలా, క్రమశిక్షణ చర్య తీసుకోవాలా?

పాలమూరు విశ్వాసి:
అందరికీ వందనాలు. మందిరం కట్టడానికి వసూలు చేసిన చందాల లెక్కల దగ్గర మాట పెరిగి మా సంఘం రెండు వర్గాలైంది. ట్రెజరర్‌ని సభ్యత్వం నుంచి తీసేయాలని కమిటీలో కొందరు పట్టుబడుతున్నారు. పాస్టరుగారు మాత్రం అందరినీ గుండ్రంగా కూర్చోబెట్టి, ఏం జరిగింది, ఎవరికి నష్టమైంది, ఎలా సరిచేయాలి అని ఒక్కొక్కరితో చెప్పిద్దామంటున్నారు. రెస్టోరేటివ్ పద్ధతి అంటారట. ఇది తప్పును కప్పిపెట్టడం కాదా?

సంఘ పెద్ద, ఖమ్మం:
కప్పిపెట్టడమే బ్రదర్. మత్తయి సువార్త 18వ అధ్యాయంలో వరస స్పష్టంగా ఉంది. ముందు ఒంటరిగా మాట్లాడాలి, తర్వాత సాక్షులతో వెళ్లాలి, అప్పటికీ వినకపోతే సంఘానికి చెప్పాలి. సంఘం మాట కూడా వినకపోతే వెలి. లెక్క చూపనివాడికి కుర్చీ వేసి మంచి మాటలు చెబితే రేపు ఇంకొకడు తయారవుతాడు.

గుంటూరు సహోదరి:
అన్నయ్యగారూ, ఆ అధ్యాయంలోనే ముందు తప్పిపోయిన గొర్రె ఉంది, తర్వాత డెబ్బై ఏళ్ల మారులు, అంటే డెబ్బై ఏడుల సార్లు, క్షమించడం ఉంది. ఒంటరిగా మాట్లాడమన్నది కూడా సహోదరుణ్ణి సంపాదించుకోవడానికే.

ఈ పద్ధతి మెతకదేమీ కాదు. 1974లో కెనడాలోని ఎల్మైరాలో ఇద్దరు కుర్రాళ్లు ఒక్క రాత్రిలో 22 చోట్ల ఆస్తులు ధ్వంసం చేశారు. మార్క్ యాంట్జీ అనే ప్రొబేషన్ ఆఫీసర్, శాంతిని బోధించే మెన్నోనైట్ క్రైస్తవ శాఖవాడు, ఆయన సూచనతో జడ్జి వాళ్లను బాధితుల దగ్గరికి పంపారు. తలుపు తట్టి, నష్టం ఎంతో విని, ఆ డబ్బు కట్టాల్సి వచ్చింది. బైబిల్లో పన్నులు వసూలు చేసే జక్కయ్య కూడా అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు ఇస్తానన్నాడు. తిరిగి చెల్లించడం లేని క్షమాపణ సగం పనే.

మా సంఘంలో ఇలాగే కూర్చున్నప్పుడు స్త్రీల సమాజం చందాలు పోగుచేసిన ఒక అమ్మ రసీదు పుస్తకం ఒళ్లో పెట్టుకుని, "నన్ను దొంగలా చూస్తున్నారు, ప్రభు బల్ల దగ్గర రొట్టె తీసుకోవడానికి రావాలంటే కాళ్లు రావట్లేదు" అంది. కమిటీ మీటింగుల్లో ఆమెను ఎవరూ ఒక్క మాట అడగలేదు. ఓటు వేసి ఎవరినో తీసేసి ఉంటే ఆ మాట బయటికి వచ్చేదే కాదు.

ఒక చెల్లి, హైదరాబాద్:
డబ్బు గొడవకైతే సరే అక్కా. కానీ ఈ పద్ధతి పుట్టిన మెన్నోనైట్ సంఘాల్లోనే జాన్ హోవర్డ్ యోడర్ ఉదంతం ఉంది. పేరున్న వేదాంతి, ఎందరో స్త్రీలను లైంగికంగా వేధించాడు. ఆరోపణ చేసినవాళ్లు మత్తయి 18 ప్రకారం ముందు తనతోనే ముఖాముఖి మాట్లాడాలని వాదించాడు. 1984లో సెమినరీ నుంచి గుట్టుగా పంపేశారు. ఆ సెమినరీ బాధితుల ముందు బహిరంగంగా తప్పు ఒప్పుకున్నది 2015లో, అతను చనిపోయిన చాలా ఏళ్లకు. పాస్టరు మీద ఆరోపణ వస్తే ఆ అమ్మాయిని అతని ఎదురుగా కూర్చోబెడతామా? పిల్లల విషయమైతే పోక్సో చట్టం సెక్షన్ 19 ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి. ముందు ప్రార్థన చేసి చూద్దాం అనే వీలే లేదు.

గుంటూరు సహోదరి:
నూటికి నూరుపాళ్లు నిజం చెల్లీ. ఒకరి చేతిలో ఇంకొకరి బతుకు ఉన్నచోట, వేధింపు ఉన్నచోట, ఇంట్లో కొట్టే భర్త విషయంలో, ఇలా ఎదురెదురుగా కూర్చోబెట్టకూడదు. నాకు ఇందులో రెండో మాట లేదు. బాధపడ్డవాళ్లు వద్దంటే అక్కడితో ఆపేయాలి. సమాధానపడమని ఒత్తిడి చేయడం మళ్లీ కొట్టినట్టే.

సంఘ పెద్ద, ఖమ్మం:
అలాగైతే పాలమూరు తమ్ముడి సంఘంలోనూ సమానం లేదు కదమ్మా. లెక్కల పుస్తకాలన్నీ ట్రెజరర్ చేతిలోనే ఉన్నాయి. ముందు బయటి ఆడిటర్ చూడాలి. ఆ కాగితం అందరి చేతికీ వచ్చాక కూర్చోండి, నేను అడ్డుచెప్పను.

గుంటూరు సహోదరి:
ఒప్పుకుంటాను అన్నయ్యగారూ. లెక్క తేలకుండా కూర్చుంటే అది మాటల గారడీ అవుతుంది. ఇంకొకటి, మాట్లాడించేవాళ్లు ఏ వర్గానికీ బంధువులు కాకూడదు.

పాలమూరు విశ్వాసి:
మా పాస్టరుగారు ట్రెజరర్‌కి వియ్యంకుడే. పక్క పాస్టరేట్ నుంచి ఎవరినైనా పిలవమని, దానికి ముందు ఆడిట్ పెట్టమని ఆదివారం కమిటీని అడుగుతాను. స్త్రీల సమాజానికి కూడా గుండ్రంలో కుర్చీలు వేయమంటాను. ఇప్పటిదాకా వాళ్లను పిలవాలన్న ఆలోచనే ఎవరికీ రాలేదు.