కన్యాశుల్కాన్ని రెండున్నర గంటలకు కుదిస్తే ఏది పోకూడదు?

ప్రశ్న:
గురజాడ నాటకం 1909 నాటి ప్రతిలో ఏడంకాలున్నాయి, ఒక పూటలో ప్రదర్శన తెమలదు. ముసలి లుబ్ధావధాన్లతో చిన్నపిల్ల సుబ్బి పెళ్లి తప్పించే ఎత్తు, వేశ్య మధురవాణి, చివర సంస్కర్త వకీలు సౌజన్యారావు రంగం ఉంచాలని ఉంది. బండివాడి రంగం, సారా దుకాణం, దయ్యాలు పట్టే గవరయ్య, ఖూనీ కేసు తీసేయవచ్చా? ఎలాగూ సంఘసంస్కరణ నాటకమే కదా, అసలు విషయం దెబ్బతినదనుకుంటున్నాం.

జవాబు 1:
ముందు ఒక సవరణ. బండివాడు రంగస్థలం మీదికి రాడండీ. నేషనల్ కాంగ్రెస్ గురించి వాడికి రెండు గంటలు లెక్చరిచ్చానని గిరీశమే తన శిష్యుడు వెంకటేశంతో చెప్తాడు. అంతా విని వాడు అడిగింది, ఆ కాంగ్రెస్ తమ ఊరి హెడ్ కనిస్టీబుని ఎప్పుడు బదిలీ చేస్తుందని. అర నిమిషం పట్టదు. రాజకీయమంటే ఊళ్లో ఎవరికి ఎలా కనిపించేదో చెప్పే మాట అది, తీస్తే మీకు కలిసొచ్చే సమయమూ లేదు.

ఖూనీ కేసు జోలికి మాత్రం వెళ్లకండి. సుబ్బి మేనమామ కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడవేషం వేసి లుబ్ధావధాన్లకు కట్టబెడతాడు. వాడు వేషం విప్పేసి పారిపోతే 'పెళ్లికూతురు' మాయమై ముసలాయన మీద హత్యానేరం పడుతుంది. పిల్లను కాపాడటానికి ఆడిన అబద్ధం ఇంకొకరి మెడకు ఉరితాడైంది. ఇది కోసేస్తే కరటకశాస్త్రి ఉత్త తెలివైనవాడిగా మిగులుతాడు, మధురవాణి విశాఖపట్నంలో సౌజన్యారావు గడప తొక్కడానికి కారణమే ఉండదు. పోలీసులు, దొంగసాక్ష్యాల బేరాలు కలిపి పావుగంటకు కుదించండి, చాలు.

జవాబు 2:
పై మాటతో ఏకీభవిస్తాను గానీ గవరయ్యను తీసేస్తే నష్టం లేదు. నవ్వులు తగ్గుతాయి, అంతే. సారా దుకాణం కూడా పోనివ్వండి.

లుబ్ధావధాన్ల వితంతు కూతురు మీనాక్షిని మాత్రం తగ్గించకండి. కుదింపుల్లో మొదట బలయ్యేది ఆవిడే. సుబ్బి అక్క, వితంతువు బుచ్చమ్మను గిరీశం వితంతు వివాహ ఉపన్యాసాలతో లేవదీసుకుపోతాడు, మీనాక్షికి రామప్పంతులు పెళ్లి ఆశపెట్టి తప్పించుకుంటాడు. ఒకడిది ఇంగ్లీషు చదువు, ఒకడిది పాతకాలపు లౌక్యం, దారి ఒకటే. ఇద్దరు ఆడవాళ్లూ ఉంటేనే తప్పు గిరీశం ఒక్కడిదే కాదని తెలుస్తుంది.

జవాబు 3:
గురజాడ పీఠికలో ఇచ్చిన లెక్కలు తెర ముందు చదివించే అలవాటుంది, వద్దు. కరపత్రంలో వేయండి: విశాఖ జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్లలో నమోదైన కన్యాశుల్కం పెళ్లిళ్లు 1034. పెళ్లికూతుళ్లలో అయిదేళ్లవాళ్లు 99 మంది, నాలుగేళ్లవాళ్లు 44, మూడేళ్లవాళ్లు 36, రెండేళ్లవాళ్లు 6, ఏడాదివాళ్లు ముగ్గురు.

ఎక్కువసార్లు చెడేది చివరి రంగం. సౌజన్యారావును దేవుడిలా నిలబెట్టి, మధురవాణి ఆయన కాళ్ల దగ్గర మారిపోయినట్టు ఆడిస్తారు. నాటకంలో ఉన్నది అది కాదు. వేశ్యల మొహం చూడనన్న పెద్దమనిషికి, మగవేషంలో వచ్చి నిజం అందించేది ఆమె. బదులుగా ముద్దు అడుగుతుంది. ఆయన సంకటపడి, చివరికి సిద్ధపడితే, చెడనివాళ్లని చెడగొట్టొద్దని తల్లి చెప్పిందంటూ ఆమే ఆపుతుంది. అక్కడ సంగీతం వేయకండి, సౌజన్యారావు పాత్రధారి తడబాటు కనిపించాలి. సంస్కర్త నియమానికీ వేశ్య నియమానికీ మధ్య ఏది గట్టిదో ప్రేక్షకుడు తేల్చుకుంటాడు.

'డామిట్! కథ అడ్డంగా తిరిగింది' అనే ముందు గిరీశం చప్పట్ల కోసం ఆగకూడదు. బుచ్చమ్మను పూనా విడోజ్ హోముకు (వితంతువుల ఆశ్రమానికి) పంపుతున్నారన్న దెబ్బ మీదే ఆ మాట పడాలి, మరుక్షణం తెర.