వార్షిక సదస్సుకు విడి పత్రాలు వద్దు, సెషన్ మొత్తం తెమ్మంటే న్యాయమేనా?

స్వర్ణముఖి (తిరుపతి):
మా చరిత్ర సంఘం వార్షిక సదస్సుకు ప్రకటన వచ్చింది. ఈసారి విడిగా పత్రాలు తీసుకోరట. ముగ్గురు పత్రకర్తలు, ఒక అధ్యక్షుడు, పత్రాలను ముందే చదివి స్పందించే ఒక సమీక్షకుడు, ఇలా సెషన్ అంతా ఒకరే కూర్చి పంపాలి. ముగ్గురూ ఒకే సంస్థవారు కాకూడదు. గడువు నెలాఖరు. పరిశోధక విద్యార్థులకు ఇది మేలా, కీడా?

చంద్రగిరి కోట:
ముమ్మాటికీ మేలే. ఇదేమీ వింత కాదు. అమెరికన్ హిస్టారికల్ అసోసియేషన్ జనవరిలో జరిగే సదస్సుకు ముందు ఏడాది ఫిబ్రవరిలోనే సెషన్ ప్రతిపాదనలు తీసుకుంటుంది. మన దగ్గర ఒకే గదిలో మొదట మహాపాషాణ యుగపు సమాధులు, వెంటనే ఉప్పు సత్యాగ్రహం, ఆ వెంటనే చిత్తూరు పాలెగాళ్లు. ఒకదానితో ఒకటికి పొంతన ఉండదు, ప్రశ్న అడిగే నాథుడు ఉండడు. నేను కార్యక్రమ సంఘంలో ఉన్న ఏడాది ఒక గదిలో చివరి పత్రం చదివేసరికి వినడానికి అధ్యక్షుడు, పైన ఫ్యాను మిగిలారు.

పలమనేరు మాస్టారు:
సార్, అమెరికా సంగతి సరే. ఇండియన్ హిస్టరీ కాంగ్రెస్ 1935 నుంచి ఉంది. అక్కడ సభ్యుడు తన పత్రం తాను పంపుకుంటాడు. ప్రాచీన, మధ్యయుగ, ఆధునిక విభాగాల్లో ఎక్కడ ఇమిడితే అక్కడ వేస్తారు. ఎవరి కొంప మునిగింది? మా డిగ్రీ కళాశాలలో చరిత్ర చెప్పేది నేనొక్కడినే, అదీ కాంట్రాక్టు మీద. మిగతా ఇద్దరిని ఎక్కడి నుంచి తెమ్మంటారు?

గాజులమండ్యం:
ముందు ఆ ‘ఒకే సంస్థ’ నిబంధన సంగతి తేల్చండి. విశ్వవిద్యాలయం, దాని అనుబంధ కళాశాల ఒకటే సంస్థా, రెండా?

చంద్రగిరి కోట:
మన ప్రాంతంలో తోడు దొరకదంటే వినేవారు నవ్వుతారు. 1954 నాటి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, 1983లో వచ్చిన మహిళా విశ్వవిద్యాలయం, సంస్కృత విశ్వవిద్యాలయం, కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయం. ఒక్క ఫోను చేస్తే సరిపోతుంది.

పలమనేరు మాస్టారు:
ఫోను చేయడం నాకూ వచ్చు. అవతలివారు ఎత్తాలి కదా. ఆచార్యుల ఫోను ఆచార్యులు ఎత్తుతారు.

గాజులమండ్యం:
నా ప్రశ్నకు జవాబు రాలేదు.

స్వర్ణముఖి:
నా అంశం చెబితే నా ఇబ్బంది అర్థమవుతుంది. 1930ల్లో దేవస్థానం అచ్చువేసిన తిరుమల శాసన సంపుటాల మీద పనిచేస్తున్నాను. విజయనగర కాలంలో దాతలు శ్రీభండారానికి, అంటే ఆలయ ఖజానాకు, సొమ్ము చెల్లిస్తే, దానితో ఆలయ గ్రామాల్లో చెరువులు, కాలువలు తవ్వించేవారు. పెరిగిన పంటలో నుంచి దాత పేరిట నైవేద్యం జరిగేది. ఆ శాసనాల్లో చాలావరకు తమిళంలో ఉన్నాయి. అవి చదవగలను. కట్ట ఎలా వేస్తారో, తూము ఎక్కడ పెడతారో నాకు తెలియదు. అది తెలిసినవారు ఒకరు, నైవేద్యాల లెక్కలు చూసినవారు ఒకరు పక్కన ఉంటే నా పత్రం నిలబడుతుంది. విడిగా పంపితే ‘భక్తి సాహిత్యం’ గదిలో పడేస్తారు. చెరువు గురించి అక్కడ ఎవరు వింటారు?

నగరి మగ్గం:
అంశం బాగుంది మేడమ్.

పలమనేరు మాస్టారు:
మీ అంశానికి కలిసొచ్చింది కాబట్టి మీకు బాగానే ఉంటుంది. పరిచయాలు లేనివాడికి తలుపు మూసేశారన్నది నా బాధ.

చంద్రగిరి కోట:
అసలు విషయం నేను చెబుతాను. విడి పత్రాలు కావాలని గొడవ చేసేవారిలో సగం మంది సర్టిఫికెట్ కోసం వస్తారు. పొద్దున సంచి, పెన్ను, పది నిమిషాల చదువు, భోజనం, మూడు గంటల బస్సు. పక్కవాడి పత్రం ఏమిటో కూడా తెలియదు.

పలమనేరు మాస్టారు:
అవును, సర్టిఫికెట్ కోసమే. సిగ్గెందుకు? అధ్యాపకుల పరిశోధన స్కోరులో జాతీయ సదస్సు పత్రానికి 3 పాయింట్లు, రాష్ట్ర స్థాయిలో 2 అని 2018 యూజీసీ నిబంధనల్లో రాసింది నేనా? పీహెచ్‌డీ సమర్పించాలంటే రెండు సదస్సుల్లో పత్రాలు చదవాలని 2016లో పెట్టి, 2022లో ఎత్తేసింది నేనా? మీ తరం విడి పత్రాలు చదువుకునే ఆచార్యులయ్యారు. ఏరు దాటి తెప్ప తగలేయడం అంటే ఇదే.

చంద్రగిరి కోట:
మాట జాగ్రత్త. నేను చదివిన ప్రతి పత్రం అచ్చయింది. మీవి ఎన్ని అచ్చయ్యాయో చెప్పండి.

నిర్వాహకుడు:
ఇద్దరూ వ్యక్తిగతంగా వెళ్లవద్దు. ఇంకోసారి అయితే వ్యాఖ్యలు తొలగిస్తాను.

స్వర్ణముఖి:
ఇద్దరూ ఒక సంగతి దాటేస్తున్నారు. పోయిన ఏడాది మరో సంఘానికి పరిశోధక విద్యార్థులమే కలిసి సెషన్ పంపాం. అధ్యక్షత కూడా మాలో ఒకరికే. ‘అనుభవజ్ఞులు లేరు’ అని తిప్పి పంపారు. ఒక ఆచార్యుల పేరు అధ్యక్షుడిగా చేర్చగానే మిగతాదంతా ఉన్నదున్నట్లు ఆమోదించారు. ఆయన మా పత్రాలు తెరిచి చూడలేదు. తొలిపలుకుల పేరిట మా సమయంలో మూడో వంతు మింగేశారు. ఇక తన పేరు ఎందుకు పెట్టలేదని మా గైడుగారు నెలల తరబడి ముభావంగా ఉన్నారు. సెషనా, విడి పత్రమా అన్నది కాదు నా ప్రశ్న. సెషన్ కూర్చే హక్కు విద్యార్థికి ఉందా, లేదా?

పలమనేరు మాస్టారు:
నేను మొదటి నుంచీ అంటున్నది అదే.

స్వర్ణముఖి:
కాదు సార్. మీరు సెషనే వద్దన్నారు.

చంద్రగిరి కోట:
అమ్మా, అధ్యక్షుడంటే అలంకారం కాదు. సమయం మించినప్పుడు ఆపాలి, మాట తూలినప్పుడు సర్దాలి. సభలో ఒక విశ్రాంత ఆచార్యుడు లేచి ప్రశ్న పేరుతో ఉపన్యాసం మొదలుపెడితే, ఒక విద్యార్థి ఆపగలడా?

స్వర్ణముఖి:
ఆపలేడు. మరి ఆ విశ్రాంత ఆచార్యులనే కదా సార్, మాకు అధ్యక్షులుగా పెట్టుకోమంటున్నారు?

పాకాల జంక్షన్:
చప్పట్లు.

చంద్రగిరి కోట:
నేనూ విశ్రాంత ఆచార్యుడినే. మమ్మల్ని ఆపడం ఎంత కష్టమో తెలిసే చెబుతున్నాను.

పలమనేరు మాస్టారు:
మేడమ్, మా వైపు గొలుసుకట్టు చెరువుల మీద నా దగ్గర కొంత పని ఉంది. ఒక చెరువు మరవ (అలుగు) పారితే నీరు ఏ చెరువుకు దిగుతుందో గ్రామ పటాల మీద గుర్తించుకుంటూ వచ్చాను. పాత తూముల ఫోటోలు కూడా ఉన్నాయి. నిబంధన తప్పనే ఇప్పటికీ అంటాను. పంపమంటారా?

స్వర్ణముఖి:
పంపండి సార్, 250 పదాల సారాంశం, ఈ వారంలోనే. నైవేద్యాల మీద పనిచేసే ఒకరిని నేను అడుగుతాను. సమీక్షకులను కూడా చూస్తాను. అధ్యక్షత మాత్రం నాదే.

గాజులమండ్యం:
పత్రం చదివేవారే అధ్యక్షత వహించవచ్చా? పైగా ‘ఒకే సంస్థ’ అంటే ఏమిటో ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు.

చంద్రగిరి కోట:
తిప్పి పంపుతారు. రాసి పెట్టుకోండి.

స్వర్ణముఖి:
పంపితే కారణం రాతపూర్వకంగా అడుగుతాను. వచ్చిన జవాబు ఇక్కడే పెడతాను, సార్.