గిరగిరా తిరిగే ఆ లోడింగ్ గుర్తును తెలుగులో ఏమనాలి?

ఒక యాప్‌కి సహాయం పేజీలు తెలుగులో రాస్తున్నాను. "ఇది కనిపిస్తే కాసేపు ఆగండి" అనే వాక్యంలో ఆ 'ఇది' దగ్గరే రెండు రోజులుగా ఆగిపోయాను.

ఇంగ్లీషులో స్పిన్నర్, లోడర్, థ్రాబర్ అని బోలెడు పేర్లు. థ్రాబర్ పాత బ్రౌజర్ల నాటి మాట. నెట్‌స్కేప్‌లో పైన మూలన 'ఎన్' అక్షరం కదులుతూ ఉండేది, గుర్తుందా? విండోస్‌లో విస్టా వచ్చేదాకా ఇసుక గడియారమే కాబట్టి పేరుకి వెతుక్కోనక్కర్లేదు. ఆ తర్వాత నీలం వలయం వచ్చింది, నాకు తిప్పలూ వచ్చాయి.

మా అమ్మ మాత్రం "సున్నా తిరుగుతూనే ఉందిరా, డబ్బులు వెళ్లాయో లేదో" అంటుంది. నాకు భలే నచ్చింది గానీ, రాతలో అంకె అనుకుంటారేమో! 'తిరుగుడు చక్రం' అందామంటే, మూడు చుక్కలు ఎగిరే రకం తిరగదు కదా. 'లోడింగ్ సూచిక' అన్నిటికీ సరిపోతుంది, కాకపోతే ఆఫీసు సర్క్యులర్‌లా ఉంది. పని ఎంత అయిందో చూపే ప్రోగ్రెస్ బార్ గురించి కాదు నేను అడిగేది.

మీ ఇంట్లో పెద్దవాళ్లు దీన్ని ఏమంటారు? లేక 'లోడింగ్ గుర్తు' అని వదిలేయనా?