గాలం ఏస్కోనికి ఎవర్ని అడగాలె? (డిండి, సాగర్, సోమశిల దిక్కు)

కొండమల్లేపల్లి పోరడు:
అన్నలూ జర చెప్పున్రి. మా అక్క బావ మిన్నెసోటాల ఉంటరు, మే ఆఖర్ల వస్తున్నరు. బావకు చేపలు పట్టుడంటే పిచ్చి. పది వేల చెరువులని అక్కడ బండి నంబర్ ప్లేట్ల మీద గూడ రాస్కుంటరట, ఎండకాలం వస్తే ఉత్తరం దిక్కు అడవిల చెరువు ఒడ్డుకు చెక్క ఇల్లు కిరాయికి తీస్కొని ఉంటరు, లైసెన్స్ ఆన్‌లైన్ల కొనుక్కుంటరు, ఏ చేప ఎన్ని పట్టాలె, ఎంత సైజుది ఇడిచిపెట్టాలె అన్నీ రూల్సే. ఇప్పుడు రాడ్లు రీళ్లు బ్యాగుల పెట్టుకొని వస్తడంట, మన దగ్గర గసోంటి జాగ ఏది, లైసెన్స్ ఏడ దొరుకుతది అని రోజూ వాట్సాప్‌ల అడుగుతుండు. నాకేం తెల్సు, వాగుల కట్టెకు తంగూస్ (నైలాన్ దారం) కట్టి పరకలు పట్టినోన్ని. సప్పుడు లేని జాగ కావాలె, చిన్న పిల్లలు ఉన్నరు, రెండు దినాలు ఉండెటట్టు. డిండి మంచిగుంటదా, సాగరా? మా ఊరి చెరువుల ఏస్తె ఎవరన్నా ఏమన్నా అంటరా?

చెరువుకట్ట:
అంటరు తమ్మీ, మంచిగనే అంటరు. చెరువుల నీళ్లు ఊరందరివి గని చేపలు సంఘానివి. మత్స్య సహకార సంఘం లీజు కట్టి తీస్కుంటది, 2016 నుంచి సర్కారు ఉచితంగ ఇచ్చే చేప పిల్లలు, బొచ్చె, రవ్వ, మోసు, బంగారుతీగ, గవ్వే చెరువులల్ల పోస్తరు, వానాకాలం పోసిన పిల్ల పెరిగి ఎండకాలం దాంక ఆగితేనే వాళ్లకు నాలుగు పైసలు. గందుకే కట్ట మీద ఎవడన్నా రాడ్డు పట్టుకొని కూసుంటే కావలి ఉండేటోనికి కడుపు మండుతది. మీ బావకు లైసెన్స్ కార్డు ఇచ్చేటోడు ఎవడూ ఉండడు ఈడ. ఊర్ల సంఘం ప్రెసిడెంట్ ఎవరో కనుక్కొని ముందు రోజు పొద్దుగూకినంక ఇంటికి పోయి అడుగు, ఫోన్ల కాదు, మనిషి పోవాలె. "గాలమే ఏస్తం, వల లేదు, పడ్డయి మీ ముందరనే కాటాకు పెట్టి రేటు కట్టి తీస్కపోతం" అను. చాలామంది సరే అంటరు, వాళ్లే మంచి జాగ గూడ చూపిస్తరు, ఏ మూలకు లోతు ఉందో వాళ్లకు తెల్సినట్టు ఎవరికి తెల్సు. అడగకుంట పోతేనే లొల్లి.

ఇంకోటి, మే ఆఖరు అంటున్నవ్. అప్పటికి చిన్న చెరువులల్ల నీళ్లు అడుగుకు వస్తయి, సంఘం వాళ్లు వల గుంజి చెరువు పట్టే టైం అది, మళ్ల జూన్ ఏడు ఎనిమిది తారీకులకు మృగశిర కార్తె, చేపకు రేటే రేటు. గా హడావిడిల నీ బావ గాలం ఎవనికి గావాలె. పెద్ద రిజర్వాయర్‌కే పోన్రి. ఆడ వల ఏసెటోళ్లకు ఫిషరీస్ డిపార్ట్‌మెంట్ లైసెన్స్ ఉంటది, గాలం సంగతి జిల్లా ఆఫీసుల ఒక మాట అడిగి పోతే నీకు ధైర్యం.

పాలమూరు బస్సు:
డిండి అంటే నెట్‌ల కొట్టి బుక్ చేసేరు జాగ్రత్త, కోనసీమల ఇంకో దిండి ఉంది, కొబ్బరి చెట్ల రిసార్ట్ వస్తది ఫస్ట్. మనది శ్రీశైలం రోడ్డు మీద, నిజాం జమానల కట్టింది, చూడనికి సల్లగుంటది గని వాన సరిగ్గ పడని ఏడు ఎండకాలం నీళ్లు ఏడికో పోతయి. పోయే ముందు ఆడ ఉండేటోళ్లను ఎవర్నన్నా అడుగు. ఆ రోడ్డెంబడే ఇంకా ముందుకు పోయి మన్ననూరు దాటి అడవిల ఆగి గాలం ఏద్దం అనుకోకు, అది అమ్రాబాద్ టైగర్ రిజర్వ్, ఫారెస్టోళ్లు రానియ్యరు.

నన్ను అడిగితే సోమశిల. కొల్లాపూర్ దగ్గర, శ్రీశైలం బ్యాక్ వాటర్, టూరిజం కాటేజీలు ఉన్నయి, పడవ ఉంటది, గుడి ఉంటది, పిల్లలకు టైం పాస్. వీకెండ్ కాకుంటే సప్పుడే ఉండదు. నీళ్లు బాగ తగ్గితే అవతల దిక్కు సంగమేశ్వరం గుడి బయట పడతది, పడవల పోయి చూసి రావొచ్చు. మే నెలల కొల్లాపూర్ మామిడికాయ గూడ ఉంటది, ఇంకేం గావాలె. జూరాల గూడ చెప్తరు జనం గని అది పట్టే జాగ కాదు, తినే జాగ. డ్యాం కాడ వేడి వేడి చేప ఫ్రై తినుడు, ఫోటో దిగుడు, వచ్చుడు. కోయిల్‌సాగర్ సాయంత్రం చూడనికి బాగుంటది, రాత్రి ఉండనికి ఏం లేదు.

జొన్నబెండు:
మీ బావ తెచ్చే రాడ్డు రీలు పనికొస్తయి, డబ్బా నిండ తెచ్చే ప్లాస్టిక్ చేపలు మాత్రం సగం వేస్ట్. ఆడ వాలై అని దొరుకుతది, అది వేటాడే చేప, మెరిసేది కదిలితే మీద పడతది. మన రవ్వ, బొచ్చె అట్ల కాదు, పిండి తినే రకం. పల్లి చెక్క నానబెట్టి, తవుడు దోరగ ఏంచి, జర గోధుమపిండి కలిపి ముద్ద చెయ్యాలె, నీళ్లల్ల ఏస్తే వెంటనే ఇడిపోవద్దు, అట్లని రాయి లెక్క గూడ ఉండొద్దు, ఐదు పది నిమిషాలకు పొడి పొడి రాలాలె. ముందు అదే పిండి నాలుగు ముద్దలు ఒకే జాగల ఏసి కూసోవాలె, చేప వాసనకు వచ్చేదాంక. ఇయ్యాల ఈడ రేపు ఆడ అని తిరిగేటోనికి ఏం పడదు.

లోతు సంగతి: బొచ్చె మూతి పైకి ఉంటది, అది పైన మేస్తది, రవ్వ నడుమ, మోసు అడుగున. బొచ్చెకైతే బెండు (నీళ్ల మీద తేలేది) కింద తంగూస్ తక్కువ ఇడువు. మోసుకు ఎర నేలకు తగలాలె, అప్పుడు ఒక్కోసారి బెండు మునగదు, పక్కకు పడుకుంటది, ఎందుకంటే చేప ఎర నోట్ల పెట్టుకొని లేస్తే సీసం బరువు పోతది గద. కొత్తోళ్లు బెండు మునిగేదాంక చూస్తరు, గీ లోపల అది ఉమ్మేసి పోతది. పిల్లలకు ఎర్రలు గుచ్చి చిన్న గాలం ఇయ్యి, జిలేబీ చేపలు పడతనే ఉంటయి, వాళ్ల కుషీ వాళ్లది. జెల్ల పడితే మాత్రం పిల్లల్ని ముట్టనియ్యకు, పక్క ముల్లు దిగితే ఆ రోజు ఇగ ఏడుపే.

ఆ ప్లాస్టిక్ కప్పలు ఉంటే తెమ్మను, కొర్రమీనుకు అవే. మన రాష్ట్ర చేప అది, గాలి పీల్చనికి పైకి వస్తది, తామరాకుల సందుల నీళ్లు గుబుక్కుమంటే ఆడ ఏసి మెల్లగ గుంజాలె. ఒక్కటే మాట, వానలు పడ్డంక ఎర్రటి చిన్న పిల్లలు గుంపుగ తిరుగుతుంటే ఆడ ఎయ్యొద్దు, కింద తల్లి తండ్రి కావలి ఉంటయి, వాటిని పడితే ఆ పిల్లలన్నీ వేరే చేపల నోట్లకే.

గుర్రంపోడు గురువు:
మీ బావ పట్టి మళ్ల ఇడిచిపెడతడా ఏంది అక్కడి లెక్క? ఆడ సంఘమోళ్ల ముందర చెయ్యమనకు, రెండు కిలోల రవ్వను ముద్దు పెట్టి నీళ్లల్ల ఇడిస్తే మనిషికి ఏమన్న అయిందా అని చూస్తరు 😂

కొండమల్లేపల్లి పోరడు:
గురువన్నా నిజంగనే ఇడిచిపెడతడు, ఫోటో దిగి. నేను పట్టినయి మాత్రం పులుసుకే. సోమశిల పక్కా చేస్తున్న. మరి సాగర్ ఎందుకు ఎవరూ చెప్తలేరు, మాకు అదే దగ్గర గద?

చెరువుకట్ట:
సాగర్ల చేపలకేం తక్వ లేదు, చిన్న పిల్లలు ఉన్నరన్నవ్ గద, గందుకే. కృష్ణల మొసళ్లు ఉన్నయి, డ్యాం కింద దిక్కు పవర్ హౌజ్ నీళ్లు ఇడిస్తే నువ్వు కూసున్న బండ చుట్టూ చూస్తుండంగనే నీళ్లు వస్తయి. మీరిద్దరే అయితే ఒక పూట పోయి రాన్రి, ఎగువ దిక్కు, లోకల్ చేపలోన్ని ఒకన్ని ఎంబడి పెట్టుకొని. సోమశిలల గూడ మేల నీళ్లు ఎనక్కి పోతయి, ఒడ్డు ఎండినట్టే కనపడతది గని పైపొర కింద ఒండ్రు మట్టి, మోకాలు దాంక దిగుతది. పడవోళ్లు నడిచే దారిలనే నడువు, పిల్లల్ని చెయ్యి పట్టుకో. ఎండ పదింటికే మాడుస్తది, తెల్లారక ముందే గాలం నీళ్లల్ల ఉండాలె, తొమ్మిదింటికి సర్దేసి కాటేజీకి పో, మళ్ల నాలుగున్నర తర్వాత. కొల్లాపూర్ల పల్లి చెక్క దొరకకపోతే ఏం జేస్తవ్, మల్లేపల్లిలనే కొనుక్కొని పో.